మల్లిక అగ్గువకు అమ్ముకున్న బండి

పొద్దుగుంకే వేళకు మంద ఇల్లు చేరేది. జడ్చర్లకు ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న ఆ ఊళ్లో గుర్వయ్య ఏనాడూ గొర్రెలను లెక్కపెట్టి ఎరగడు. దొడ్డి తడిక దగ్గర నిలబడి ఒక్కోదాని ముఖం చూసేవాడు. ఒక ముఖం తగ్గిందంటే తువ్వాల తలకు చుట్టి, మోపెడ్‌ను స్టార్ట్ చేసి ఎక్కి, హ్యాండిల్ మీద నుంచి చేతులు తీసేసేవాడు. బండి తనంతట తానే పోయి, తప్పిపోయిన గొర్రె ముందు ఆగేది. అది కంపలో చిక్కినా సరే, క్వారీ గుంతలో పడ్డా సరే, పక్కూరి మందలో కలిసి ఏమీ ఎరగనట్టు మేస్తున్నా సరే. ఊళ్లో గొర్రెలున్నవాళ్లంతా అవసరానికి ఆ బండిని అడిగి తీసుకుపోయేవాళ్లు. పెట్రోలు ఎవరిది వాళ్లు పోసుకోవాలి, అంతే. బండి మీద ఎవరికైనా ఫిర్యాదు ఉందంటే, సీటు మరీ గట్టిగా ఉంటుందనే.

గుర్వయ్య కోడలు మల్లిక. బేరంలో ఆమెను గెలిచిన మనిషి జడ్చర్ల బజారులో ఇంకా పుట్టలేదు. చీరైనా చింతపండైనా చెప్పిన ధరలో సగం అడిగేది. ఇవ్వనంటే వెనక్కి తిరిగి నడిచేది. ఏడో అడుగు వేసేలోపే దుకాణం లోంచి పిలుపు వచ్చేది. పాత సామాన్లు ఫోన్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టాక ఆమె పేరు ఇంకా పెరిగింది. నీళ్లు కారే కూలర్లు, తలుపు పట్టని బీరువాలు కూడా ఆమె చేతిలో పడితే మంచి ధరకు పోయేవి. ఇరుగుపొరుగు వాళ్లు తమ పాత సామాన్లు ఆమెతోనే అమ్మించుకునేవాళ్లు.

గుర్వయ్యకు మోకాళ్లు పట్టేశాయి. మందను తమ్ముడి కొడుకులకు అప్పజెప్పి మంచం ఎక్కాడు. కొడుకు నాగేందర్ కొత్త స్కూటీ తెచ్చుకున్నాడు. మోపెడ్ మీద కోళ్లు పడుకోవడం మొదలుపెట్టాయి. ఆ కోళ్ల రెట్టలు కడగలేక విసిగి, మల్లిక ఒకనాడు బండిని తళతళలాడేలా తుడిచి, నాలుగు ఫోటోలు తీసి అమ్మకానికి పెట్టింది. ఒక్కరే వాడిన బండి, టైర్లు కొత్తవి, ఐదు వేలు అని రాసింది. గొర్రెల సంగతి రాయలేదు. దాచాలని కాదు. బర్రెను అమ్మేవాళ్లు దానికి నాలుగు కాళ్లున్నాయని చెప్తారా?

పది నిమిషాల్లో పన్నెండు మంది అడిగారు. అప్పుడే ఆమెకు అనుమానం రావాల్సింది. కానీ గెలిచే అలవాటున్నవాళ్లకు అనుమానం ఆలస్యంగా వస్తుంది. అందరికన్నా ముందు వచ్చినవాడు డానియల్. నల్గొండలో ఒక కాలేజీలో అటెండరు, అత్తగారింటికి జడ్చర్ల వచ్చి ఉన్నాడు. ఐదు వందలు తగ్గించమని బతిమాలాడు. మల్లిక మారాణిలా తగ్గించింది.

మూడు వారాల తర్వాత అతని నుంచి ఫోను వచ్చింది.

"చెల్లె, ఏమనుకోకు. బండి నువ్వు మస్తు అగ్గువకిచ్చినవ్. చెప్పకుంటే నాకు మనసొప్పుతలేదు."

మల్లిక నవ్వింది. గొర్రె ఏమైనా దొరికిందా అని అడిగింది. తన దగ్గర గొర్రెలెక్కడివి అన్నాడు డానియల్. బండి మొదట, తను పారేసుకున్న బీరువా తాళంచెవి దగ్గరికి తీసుకుపోయిందట. తర్వాత పక్కింటావిడ చెవి కమ్మ దగ్గరికి. మొన్న కాలనీలో ఒకాయన, అన్న ఇల్లు విడిచిపోయి ఆరేళ్లయిందని ఏడుస్తుంటే, పోనీ తీసుకుపొమ్మని బండి ఇచ్చాడు. ఆయన సూర్యాపేట బస్టాండు దగ్గర టీలు అమ్ముతున్న అన్నను వెనక కూర్చోబెట్టుకుని తిరిగొచ్చాడట. ఎవరో నలభై వేలిస్తామన్నా తను అమ్మలేదని కూడా చెప్పాడు.

ఫోను పెట్టేశాక మల్లిక గడప మీద కూర్చుంది. నలభై వేలు ఆమెకు వినబడనే లేదు. మనిషిని వెతికింది అన్న మాట ఒక్కటే చెవిలో ఉండిపోయింది.

ఆమె తండ్రి వీరేశం, తెలంగాణ ఇంకా రాకముందు, కూలీల గుంపుమేస్త్రీగా ఊళ్లోని పదకొండు మందిని పుణెకు పనికి తీసుకుపోయాడు. అక్కడ కడుతున్న మేడ మీది నుంచి పడి లింగయ్య అనే ఆయన చచ్చిపోయాడు. మిగిలిన పదిమంది శవంతో ఊరికి వచ్చారు. వీరేశం రాలేదు. అప్పుడు మల్లికది ఆరో తరగతి. తల్లి అంతకుముందే పోయింది. పుణెలో పోస్టర్లు అంటించారు, ఠాణాలో చెప్పారు, సోదమ్మను అడిగారు. పద్నాలుగేళ్లు గడిచాయి. అందులో చివరి ఐదేళ్లు ఆ బండి ఆమె వాకిట్లోనే ఉంది. తప్పిపోయిన గొర్రెపిల్లల కోసం ఆమె కూడా ఎన్నోసార్లు దాని మీద పోయింది. కానీ గొల్లల ఇంట్లో బండికి గొర్రెలు తప్ప ఇంకేమి అడగాలో ఎవరికీ తట్టలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. పైగా ఆమె దాన్ని నాలుగున్నర వేలకు సాగనంపింది. ఆ సంగతి తలచుకుని తన చెంప తానే వాయించుకోవాలనిపించింది మల్లికకు.

అత్త లక్ష్మీనర్సమ్మ అంతా విని ఒక్క మాట కూడా తిట్టలేదు. "బండి ఏడికి పోలే, నల్గొండల ఉన్నది. బస్సుకు టైమైతాంది, లెవ్వు," అని సద్ది కట్టి ఇచ్చింది.

బస్సులో దారి పొడవునా మల్లిక బేరం లెక్కలు వేసుకుంటూ పోయింది. ఆరు వేలతో మొదలుపెట్టాలి, పదికి ఎక్కాలి, గాజులున్నాయి, అవసరమైతే అవీ తీయాలి. కానీ అవసరం మాత్రం బయటపెట్టకూడదు. అవసరం చూపించినవాడు బేరం ఓడిపోయినట్టే అన్నది ఆమె లెక్క.

డానియల్ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఒకరిది పదో తరగతి మెమో పోయింది, ఒకరిది కుక్క, ఒకామెది పుస్తెలతాడు. మల్లిక తన ధర చెప్పింది. డానియల్ మర్యాదగానే కాదన్నాడు, ఇంతమందికి మాట ఇచ్చానన్నాడు. ఆమె అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి నడిచింది. ఏడడుగులు అయ్యాయి. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఎనిమిదో అడుగు ఎలా వేయాలో ఆమెకు తెలియదు. అక్కడే నిలబడిపోయింది. తర్వాత వెనక్కి వచ్చింది.

"కొననీకి కాదన్న. మా నాయిన పద్నాలుగేండ్లసంది లేడు," అంది.

డానియల్ లోపలికి పోయి తాళంచెవి తెచ్చాడు. వరుసలో మొదట కూర్చున్న పుస్తెలతాడు ఆమె, ముందు నువ్వే పో బిడ్డా అని కుర్చీ పక్కకు జరిపింది.

ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, పుణె దాకా ఎన్ని లీటర్లు పడుతుందో అనుకుంటూ మల్లిక చేతులు వదిలేసింది. బండి హైదరాబాదు వైపు చూడనైనా చూడలేదు. మిర్యాలగూడ రోడ్డు పట్టింది. తిప్పర్తి దాటింది, వడ్ల లారీల పక్క నుంచి దూరి దూరి పోయింది. గంటన్నరకు ఒక రైసుమిల్లు గేటు ముందు ఆగింది. గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న ముసలి వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లోడు గేటు అటు దిక్కు అని చేయి చూపించాడు. ముఖం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"నేను మల్లికను, నాయినా."

వీరేశం స్టూలు మీది నుంచి లేచాడు. తల దించుకుని ఆమె పాదాల వైపే చూశాడు. పుణె నుంచి పారిపోయి, ఊరికి పోదామని వచ్చి, ఊరు దగ్గరపడే కొద్దీ కాళ్లు రాక, ఊరు దాటేసి ఇంత దూరం వచ్చి ఇక్కడ దిగిపోయానని, ఒక్కో మాట కూడగట్టుకుని చెప్పాడు. లింగయ్యను పనికి రమ్మని బలవంతం చేసింది తనేనట.

"బిక్షమ్మకు ఏ ముఖం వెట్టుకొని కనవడాలె బిడ్డా," అన్నాడు. బిక్షమ్మ లింగయ్య భార్య.

మల్లికకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటినీ ఒక్క గొంతులోనే పలికింది.

"నువ్వు రాని పొద్దు నుంచి నన్ను సాకింది ఆమెనే. పెండ్లిల నీ జాగల కూసున్నది ఆమెనే. పెనిమిటి సచ్చిండని నిన్ను ఒక్కనాడు తిట్టలే. నువ్వు రాలేదని మాత్రం రోజు తిడ్తది. పద్నాలుగేండ్లసంది ఆ తిట్లు నేను వడ్తున్న. ఇగ నా తోని గాదు, నువ్వే వచ్చి పడు."

వీరేశం ఏడ్చాడు. ఏడుస్తూనే ఖాకీ చొక్కా విప్పి స్టూలు మీద మడిచిపెట్టి, గేటు తాళాలు రెండో వాచ్‌మన్‌కు ఇచ్చి, బనీను మీదనే వచ్చి బండి వెనక కూర్చున్నాడు.

మల్లిక స్టార్ట్ చేసి, వచ్చేటప్పటిలాగే చేతులు వదిలింది. బండి పది గజాలు పోయి, రోడ్డెక్కే చోట ఆగింది. ఇంజను కొట్టుకుంటోంది, కానీ చక్రం కదలదు. ఆమె వంగి చూసింది, తట్టింది, పోవే అని బుజ్జగించింది. వెతకాల్సింది ఇంకేమీ లేనట్టు అది ఎటూ పోనంది. వెనక వడ్ల లారీ హారను మోగించింది.

తండ్రి చెయ్యి ఆమె భుజం మీద పడింది.

"ఎడమకు తిప్పు బిడ్డా," అన్నాడు. "నల్గొండ అటే."

మల్లిక రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని ఎడమకు తిప్పింది.