బాలింత గదిలోకి గాలి

కొరాపుట్ చలి సంగతి కొత్తగా చెప్పేదేముంది, జనవరిలో పట్టపగలే పళ్లు టకటకలాడతాయి. ఆ చలికే హోల్‌సేల్ కిరాణా శంకరరావు, ఊరంతా నోరు వెళ్లబెట్టేలా, కొత్తింట్లో ఒకే మిషనుతో అన్ని గదులకీ వేడీ చల్లదనమూ అందే ఏర్పాటు చేయించాడు. కిటికీలకు అద్దాలు బిగించి శాశ్వతంగా మూయించాడు. మరి ఊపిరాడాలి కదా! అందుకని బయటి గాలిని లోపలికి లాగే పెట్టె ఒకటి తెప్పించి, దాన్ని మిషను గొట్టానికి కలిపే పని విశాఖ మెకానిక్కు సోములుకి అప్పగించాడు.

ఆ మాట విన్నప్పటినుంచీ శంకరరావు తల్లి సింహాచలమ్మ గుండెల్లో రాయి పడింది. పురిటికి వచ్చిన ఆవిడ చిన్నకూతురు సుజన పసిగుడ్డుతో ఆ ఇంట్లోనే ఉంది మరి.

"ఏటి బాబూ, బయట గాలి తెచ్చి బాలింత మీదికి వదుల్తావా?"

"గొట్టంలో వేడెక్కే వస్తాది మామ్మగారూ. కిటికీలు తెరుసుకోని ఇల్లు, కొత్త గాలి రాపోతే పాడుగాలి లోపలే ఉండిపోద్ది."

"నాకు సెప్పకు. పద్మపూర్‌లో ఉన్నప్పుడు నా పెద్దకూతురు బుల్లిని సలిగాలే పట్టుకుపోయింది."

బుల్లి కూడా బాలింతే. గాలి తగలకూడదని అప్పుడు సింహాచలమ్మ తలుపు సందుల్లో సైతం గుడ్డలు కుక్కింది. అయినా బుల్లి పోయింది. నిద్రపోతున్నట్టే ఉంది, బుగ్గలు ఎర్రగా. ఏ సందు వదిలేశానా అని ఆవిడ ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటూనే ఉంటుంది.

సోములు పెట్టె కలిపి మిషను వేశాడు. సుజన గదిలో, గోడ పైనున్న జాలీలోంచి గాలి బుస్సుమంది. అతను భోజనానికి కూర్చోవడమే ఆలస్యం, సింహాచలమ్మ బల్లెక్కి పాత చీర ఆ జాలీలో కుక్కేసింది. దాంతో వెచ్చదనమూ ఆగి గది చల్లబడింది. అదెంత పని, కుంపటి ఉండనే ఉంది. ఎర్రటి బొగ్గుల కుంపటి మంచం పక్కన పెట్టి, తలుపు మూసి, కింది సందులో ఇంకో గుడ్డ దూర్చి, పథ్యం వండటానికి వెళ్లింది. ఇప్పుడు ఏ గాలి వస్తుందో చూస్తాననుకుంది.

కంచంతో తిరిగొచ్చేసరికి సుజన పడుకునుంది.

"అమ్మీ, లెగు. అన్నం సల్లారిపోద్ది."

లేవలేదు. కుదిపితే తల పక్కకి వాలింది. బిడ్డ ఏడవడం లేదు. కూతురి ఎర్రటి బుగ్గలు చూసి సింహాచలమ్మ చేతిలో కంచం జారిపోయింది. ఆవిడ అరుపు ఇల్లంతా వినిపించింది.

సోములు బిడ్డని, శంకరరావు చెల్లెల్ని ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తారు.

"లోపలికి తెండ్రా, గాలి తగుల్తాది!"

"ఆ గాలే కావాలి మామ్మగారూ. మూసిన గదిలో కుంపటి బొగ్గుల విషగాలి కనపడదు, వాసనా రాదు. నిద్దట్లోనే పేణం తీసేస్తాది."

చలిగాలి తగిలి బిడ్డ కేరుమంది. కాసేపటికి సుజన కళ్లు తెరిచి వాంతి చేసుకుంది. ఇద్దరినీ జీపులో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, గండం గడిచిందన్నారు డాక్టర్లు.

అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. సింహాచలమ్మ మాత్రం ఆసుపత్రి మెట్ల మీద సోములు పక్కన కూలబడింది.

"బాబూ, అలాగ పోయినోళ్ల మొకం ఎలాగుంటాది?"

"నిద్దరోయినట్టే ఉంటాదంట. బుగ్గలు ఎర్రగా."



"బుల్లి మంచం పక్కన కూడా కుంపటే ఉండీది బాబూ," అంది ఆవిడ. "నేనే పెట్టేను."