తల లేని ప్రత్యర్థి

పుస్తకాల అట్టపెట్టెలు ఎనిమిది ఇంట్లో దిగాయి. ఆయనగారు వంటింటి కత్తెరతో మొదటిదాన్ని కోసి, పై ప్రతిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకున్నారు. 'పాతకాలపు యూరప్ కత్తిసాము: సంపూర్ణ గ్రంథం' అని అట్ట మీద ఉంది. కింద ఆయన పేరు, దాని ముందు 'ఆచార్య' అనే బిరుదు. ఆ బిరుదు ఎవరిచ్చారంటే, ఎవరూ ఇవ్వలేదు. ప్రచురణ సంస్థ కూడా ఆయనదే. దాని ఆఫీసు భోజనాల బల్ల. కంచాలు పెట్టే వేళకు మూతపడేది.

భార్య అట్ట చూడలేదు, తిన్నగా లోపలి పేజీ తిప్పింది. మూడేళ్లుగా ఆమె అడిగింది ఒక్కటే: "లోపలెక్కడైనా నా పేరు కూడా వేయండి." "వెయ్యకుండా ఉంటానా ఏమిటే!" అని ఆయన ప్రతిసారీ అనేవారు.

ఆమె ఊరికే అడగలేదు. అయిదారు వందల ఏళ్లనాటి కత్తిసాము పుస్తకాల్లోని బొమ్మలు కంప్యూటర్లో పెట్టుకుని, ఆయన కుర్చీలోంచి లేవకుండా వ్యాఖ్యానం రాసేవారు. ఆ బొమ్మల్లోని మనుషుల పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసి, తుడుపుకర్ర పట్టుకుని హాల్లో అడుగులు వేసి చూసింది ఆమె. ముందు పాదం లోపలికి తిరిగితే మోకాలు పట్టేస్తుంది, బయటికి తిరిగితే ఒళ్లు తేలిగ్గా కదులుతుంది. ఇలాంటివన్నీ ఆమె ఒంటితో తేల్చుకున్న సంగతులు. ఫొటోల్లో ఎదుటి మనిషిగా నిలబడిందీ ఆమే. ఆయన చేతిలో పాలిష్ పెట్టిన చెక్క కత్తి, ఆమె చేతిలో తుడుపుకర్ర. అరవై రెండు ఫొటోల్లో ఆమె అరవై రెండుసార్లు ఓడిపోయింది.

లోపలి పేజీలో ఆమె పేరు లేదు. కృతజ్ఞతల్లో ఆయన చిన్ననాటి డ్రిల్లు మాస్టారున్నారు, కంప్యూటర్ బాగుచేసినతను ఉన్నాడు, 'నాలోని అలుపెరుగని యోధుడు' కూడా ఉన్నాడు. ఆమె ఫొటోలు తిరగేసింది. అన్నిట్లోనూ తను మెడ దాకానే ఉంది.

"నా తలేదండీ?"

"తలుంటే పాఠకుడి దృష్టి చెదురుతుందే. అయినా నీ మొహంలో ఆ భయం రావట్లేదు. పొయ్యి మీద కూర ఉన్నట్టు చూస్తావు."

"పొయ్యి మీద ఉంది మరి."

అంతకన్నా ఆమెకు మండింది నలభై ఒకటో పేజీ చూశాక. రెండు కత్తులు తగులుకున్నప్పుడు ఎదుటివాడు గట్టిగా నెడితే మనం నెట్టకూడదు. చేయి సడలించి, వాడి జోరు మీదే కత్తిని అటు తిప్పి రెండో వైపు నుంచి కొట్టాలి. ఫొటోల కోసం ఆయన నెట్టినప్పుడల్లా ఆమె చేతులకు తెలిసొచ్చిన కిటుకు అది. తనే రాసిచ్చింది. దాన్ని ఆయన 'వీరుడు తగ్గడు, రెట్టింపు బలంతో నెడతాడు' అని దిద్ది అచ్చేశారు.

"ఇది తప్పండీ."

"వీరరసం నీకేం తెలుసే?"

మూడు వారాల తర్వాత కత్తిసాము నేర్పే కోచ్ ఒకావిడ ఇంటికి వచ్చింది. మొదటి ముద్రణ ఇంకా మంచం కిందా హాల్లోనూ అట్టపెట్టెల్లోనే ఉన్నా, రెండో ముద్రణకు ఆవిడ చేత ముందుమాట రాయించుకోవాలని ఆయన ముందే ఒక ప్రతి పంపారు. ఆవిడ కూర్చోకుండానే అడిగింది.

"ఇందులో తల లేని మనిషెవరండీ?"

"ఓ, అదా! మా ఆవిడ లెండి. ఊరికే నిలబెట్టాం."

"ఆవిడది ఒక్క అడుగూ తప్పు లేదు. మీవి... సరే, పోనివ్వండి. ఏమ్మా, నలభై ఒకటో పేజీ ఒకసారి ఇద్దరూ చేసి చూపిస్తారా?"

ఆయన మీసం సవరించుకుని చెక్క కత్తి అందుకున్నారు. ఆమె చెయ్యి తుడుచుకుని కర్ర తెచ్చుకుంది. కత్తీ కర్రా తగులుకున్నాయి. ఆయన తన పుస్తకంలో ఉన్నట్టే రెట్టింపు బలంతో నెట్టారు. ఈసారి ఫొటో లేదు కాబట్టి ఆమెకు ఓడిపోవలసిన పనీ లేదు. చేయి సడలించింది. కర్ర రెండో వైపుకు తిరిగొచ్చి, దాని కొస ఆయన చెవి తమ్మెను తాకీ తాకకుండా ఆగింది. ఆయన జోరు ఆయన్నే మోసుకుపోయి పుస్తకాల అట్టపెట్టె మీద కూలేసింది.

"నేల జారుడుగా ఉంది," అన్నారాయన.

కోచ్ నేలను అరికాలితో రుద్ది చూసింది. "పొడిగానే ఉందే!" తర్వాత ఆమె వైపు తిరిగింది. "కొత్తగా చేరినవాళ్లకు అడుగులు నేర్పే మనిషి కావాలమ్మా నాకు. సోమవారం నుంచి మా హాలుకు రాగలరా?"

ఆయనకు ముందుమాట చేజారిపోతోందని అప్పటికి తట్టింది. అట్టపెట్టె మీది నుంచే చేటంత మొహం చేసుకుని, "రెండో ముద్రణలో నీ పేరు వేస్తాలేవే. తల కూడా పెట్టించేద్దాం," అన్నారు.

మూడేళ్లు ఎదురుచూసిన మాట. ఆమె బల్ల మీది ప్రతి తీసి, నలభై ఒకటో పేజీలో ఆ వాక్యం మరొక్కసారి చదివి, మూసేసింది.

"వద్దండీ. దీని మీద నా పేరు వద్దు. తల కూడా లేకపోవడమే నయం, నన్నెవరూ గుర్తుపట్టరు."

తర్వాత కోచ్‌ని అడిగింది: "సోమవారం ఎన్నింటికండీ? కర్ర నేనే తెచ్చుకోనా?"