మూడో నంబరు నది

వరదల ఆఫీసు కంప్యూటర్లో వకుళ గోదావరిని తెరుస్తుంది. దానికి మూడో నంబరు వస్తుంది. సున్నా చెవి, ఒకటి నోరు, రెండు కేక. ఇవి పుట్టుకతోనే అందరికీ ఉంటాయి కాబట్టి, కొత్తగా ఏది తెరిచినా మూడుతోనే మొదలు.

గడపకి అవతలి గదిలో ఆవిడ రాసిన ప్రోగ్రాం కూర్చుని ఉంది. పేరు వరదచూపు. పాపం, దానికి ఏదీ తెరవడం చేతకాదు. ఎవరైనా తెరిచిపెట్టి, ఆ నంబరు చీటీ మీద రాసి అందిస్తే చాలు, చదివిపెడుతుంది. ఊరూ పేరూ అడగదు.

నది మధ్య లంకలో అక్క నూకరత్నం అరటితోట పనిలో ఉంది. ఫోను కలవడం లేదు. నీళ్ళెప్పుడు మీదికొస్తాయో చెప్పగలిగింది వరదచూపు ఒక్కటే. దానిచేత చెప్పించి తీరాలి, అంతే.

వకుళ చీటీ మీద "నది=3" అని రాసి లోపలికి తోస్తుంది.

"మూడులో ఏమీ లేదండి," అంటుంది ప్రోగ్రాం.

"నా చేతిలో పారుతూనే ఉంది కదా."

"మీ చేతిలో పారుతోందండి. గడప దాటింది అంకె ఒక్కటే."

వకుళ తల పట్టుకుంటుంది. ఏది తెరిచినా గడప దగ్గర దానంతటదే మూసుకునేలా గొళ్ళెం పెట్టడం ఆ ఆఫీసు ఆచారం. కొత్తవాళ్ళకి ఆ పాఠం చెప్పిందీ ఆవిడే, గొళ్ళెం మరిచినవాళ్ళని నలుగురిలో చీవాట్లు పెట్టిందీ ఆవిడే. ఇప్పుడు ఆ గొళ్ళెమే అక్క కొంప ముంచేలా ఉంది. సిగ్గుపడే తీరిక లేదు. దాన్ని ఊడబెరికి అవతల పారేస్తుంది.

గోదావరి గడప మీదుగా లోపలికి పారుతుంది. ప్రోగ్రాం దాన్ని ఒళ్ళోకి తీసుకుని చదువుతుంది.

"రెండు గంటల్లో లంక మునుగుతుందండి."

"మరి చెప్పవేం? గట్టిగా చెప్పు."

"చెబుతూనే ఉన్నానండి. నా నోటిని ఎవరూ చదవని పుస్తకంలోకి తిప్పారు."

అలా తిప్పిందీ వకుళే. అక్కతో రెండేళ్ళుగా మాటల్లేవు. 'నామీద ఇంకా కోపమా అక్కా' అని అడగాలని దాచుకున్న మాట ఇప్పటికీ నోట్లోనే ఉంది. దాన్ని మింగేస్తుంది. తన నోటికి నాలుగో నంబరు వేసి, గొళ్ళెం లేదు కదా అని రెండుసార్లు తడిమి చూసుకుని, "నోరు=4" అని రాసి అందిస్తుంది.

అరటితోట మీద వకుళ గొంతు మోగుతుంది. "అక్కా, అన్నీ వదిలేసి అందరూ బయల్దేరండి."

"ఎటు రమ్మంటావే?" అంటుంది అక్క. అది వకుళ చెవిలో వినపడుతుంది.

"నాలుగు తెరిచే ఉందండి," అంటుంది ప్రోగ్రాం, వకుళ గొంతుతోనే.

వకుళ ముఖంలో నోరుండాల్సిన చోటు నుంచి ముందు ఒక మేక వస్తుంది. వెనకాలే పడవలు, నులకమంచాలు, బిందెలు, తలలు వంచుకుని లంక జనం. ఆవిడ గడ్డం మీద కాళ్ళు కడుక్కుని ఒక్కొక్కరే దిగుతారు. ఆవిడ కదలకుండా నిలబడుతుంది.

చివర్న అక్క దిగుతుంది. "ఇంకెవరూ లేరు, మూసెయ్యవే," అంటుంది. వకుళ తల అడ్డంగా ఊపుతుంది.

అక్క ఒక్క క్షణం చూసి, మోచేతిదాకా చెయ్యి వకుళ నోట్లోకి పెట్టి, మింగేసిన మాటని బయటికి తీస్తుంది. పైటచెంగుతో తుడిచి తెరుస్తుంది. దానికి ఐదో నంబరు వస్తుంది. అక్క దాన్ని చెవిలో పెట్టుకుంటుంది, గొళ్ళెం పెట్టదు.