రోజులు రాయని చీటీ

ఓంకార్ కుడికంట్లో పుండు నాలుగు రోజుల్లో రెండింతలైంది. ఇంకో వెంట్రుకవాసి పాకితే నల్లగుడ్డు నడుమకు చేరుతుంది. అక్కడ మచ్చ పడితే అతను ఇక కంపెనీ క్యాబ్ నడపలేడు.

చందానగర్‌లోని తన క్లినిక్‌లో డాక్టర్ రసజ్ఞ నీలిలైటు వేసి మళ్లీ చూసింది. రంగుమందు పట్టిన పుండు కొమ్మలు కొమ్మలుగా పచ్చగా వెలిగింది. హెర్పిస్ వైరస్. సోమవారం తనే ఆయింట్‌మెంట్ రాసింది. తగ్గాల్సిన పుండు పెరిగింది. కంటి ఎరుపు మాత్రం పూర్తిగా పోయింది!

"నేను రాసింది కాక ఇంకేం వేశారండీ?"

"ఏం లేదు మేడమ్. ఒట్టు."

"అబద్ధం. స్టెరాయిడ్ పడింది. ఎరుపు పోతుంది, వైరస్‌కి మాత్రం అడ్డూ అదుపూ ఉండదు. ఎవరిచ్చారు?"

ఓంకార్ గోడమీది అక్షరాల చార్టు చూస్తూ కూర్చున్నాడు.

అతని భార్య భూలక్ష్మికి ఓపిక నశించింది. "కన్ను పోయినంక చెప్తవా?" అంటూ భర్త జేబులోంచి చుక్కలమందు సీసా లాగి బల్లమీద పెట్టింది. "కండ్లు ఎర్రగుంటే అంటుకుంటదని కంపెనీ గేటుకాడ ఆపుతున్రు మేడమ్. గందుకే డ్రైవర్లందరు గిదే ఏస్తున్రు. పొద్దుగాల ఏస్తే మాపటికి తెల్లగైతది."

రసజ్ఞ సీసా తిప్పి చదివింది. అనుమానం నిజమే.

"చీటీ లేకుండా ఏ షాపువాడిచ్చాడు?"

"చీటీ ఉన్నది," ఓంకార్ నోరు విప్పాడు. "పోయినేడు మా రవీందరన్నకు ఎలర్జీ అయితే రాసిచ్చిన్రు. దాని ఫోటో మా డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిండు. సూపిస్తే ఇస్తరు."

"ఎన్ని రోజులు వాడమన్నారు?"

"రోజులు రాయలే."

"రోజులు రాయకుండా స్టెరాయిడ్ రాసేశాడా? ఎవడండీ ఆ డాక్టరు? పేరు చెప్పండి, వదిలిపెట్టను."

ఓంకార్ మళ్లీ చార్టువైపు తిరిగాడు. "జర నువ్వే సూపియ్యి," అన్నాడు భార్యతో.

భూలక్ష్మి భర్త ఫోన్‌లో ఆ ఫోటో తీసి ముందుకు జరిపింది. రసజ్ఞ ఫోటో పెద్దది చేసింది. మందు పేరు, పక్కన ఖాళీ గడి, కింద సంతకం. రెండుసార్లు చూసింది.

ముందు కొత్త మాత్రలు రాసింది. గడిలో రోజులు వేసింది. తర్వాత ఓంకార్ ఫోన్ అందుకుని డ్రైవర్ల గ్రూపులో వాయిస్ మెసేజ్ బటన్ నొక్కింది.

"ఈ చుక్కలు వేసుకుంటున్న వాళ్లందరూ రేపే వచ్చి కళ్లు చూపించుకోండి. డబ్బులక్కర్లేదు. ఎన్ని రోజులో రాయకుండా ఈ చీటీ రాసింది నేనే. డాక్టర్ రసజ్ఞ."