జానెడు ఎత్తు

అల్లుడు బంగారం. అత్తగారికి వచ్చిన చిక్కల్లా అదే.

ఒంటరిగా ఉండలేక కూతురి ఇంటికి వచ్చి రెండు నెలలైంది. కూతురు విసుక్కుంటే ఆవిడా విసుక్కునేది, లెక్క సరిపోయేది. అల్లుడు మాత్రం పల్లెత్తు మాట అనడు. ఆవిడ గ్లాసు ఎత్తితే నీళ్ళు పోస్తాడు, దగ్గితే కిటికీ మూస్తాడు. ఇంత మంచివాణ్ణి ఏమనగలం?

సామాను సర్దే హడావిడిలో ఆవిడ విత్తనాల డబ్బా పోయింది. ఇరవై ఏళ్ళుగా మంచి కాయ ఏరి, ఎండబెట్టి దాచుకున్న టమాటా విత్తనం అది. చేతిసంచి అడుగున పదకొండు గింజలు మిగిలాయి. ఇవి పోతే ఇంక ఆ రకం లేదు, అంతే. ట్రేలో నాటితే పదకొండూ మొలిచాయి. ఆ రోజు ఆవిడకు అన్నం సయించలేదు, సంతోషంతో.

కానీ ఆ ఇంటికి ఎండ రాదు. ఎదుటి మేడ మొత్తం మింగేస్తుంది. అల్లుడిది కరెంటు పని. మొక్కల కోసం అమ్మే తెల్లటి ట్యూబులైటు తెచ్చి, తాడు కట్టి, బల్ల మీది ట్రేకి సరిగ్గా నాలుగడుగుల పైన వేలాడదీశాడు.

"అల్లుడుగారూ, కాస్త కిందకి దించితే..." అంది అత్తగారు నెమ్మదిగా.

"అమ్మో, మీరు నీళ్ళు చల్లుతారు. నీళ్ళూ కరెంటూ అత్తయ్యగారూ! దూరంగా ఉంటేనే క్షేమం."

"మీరు చెప్పాక ఇంకేముంది" అంది ఆవిడ. చెప్పాల్సింది బోలెడుంది.

మూడు రోజులకే మొలకలు వెలుతురు అందక సన్నగా, పాలిపోయి సాగాయి. లైటు దించే వీల్లేదు సరే, ట్రేని ఎత్తితే ఎవరు కాదంటారు? అల్లుడు పనికి వెళ్ళగానే ట్రే కింద కూతురి లావుపాటి పుస్తకాలు రెండు పెట్టి, కనబడకుండా దుప్పటి కప్పింది. సాయంత్రం అల్లుడు టేపు పెట్టి కొలిచాడు. నాలుగడుగులు లేదు! తాడు సాగుతోందనుకుని లైటు పైకి లాగి ముడేశాడు. తెల్లారి అత్తగారు చూసి, మంచివాడే గానీ మొండివాడు అనుకుని ఇంకో పుస్తకం పెట్టింది. అతను ఇంకో ముడి వేశాడు. వారం తిరిగేసరికి లైటు సీలింగుకి ఆనింది. ట్రే అటక మీదకి ప్రయాణమైనట్టుంది. మొలకలు మాత్రం ఎక్కడివక్కడే నీరసించాయి.

గురువారం మధ్యాహ్నం అత్తగారు కుర్చీ ఎక్కి ఏడో పుస్తకం దూరుస్తోంది. దొంతర కదిలింది. ట్రే ఒరిగింది. సరిగ్గా అప్పుడే భోజనానికి వచ్చిన అల్లుడు ఒక్క అంగలో వచ్చి ట్రేని పట్టుకున్నాడు. ఒక మొలక మాత్రం నేలరాలి విరిగింది.

ఆవిడకు గుండె ఆగినంత పనైంది. తర్వాత నోరు ఆగలేదు.

"ఏం మొండితనమయ్యా నీది! మొక్కలా అవి, దారప్పోగులా? వెలుతురు కోసం మెడలు సాగదీసి చస్తున్నాయి! నేను ట్రే ఎత్తడం, నువ్వు లైటు తీసుకెళ్ళి ఆకాశంలో కట్టడం! ఇవి పోతే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తావు, నీ టేపులోంచా?"

ఎంత మాట అనేశానని అత్తగారు నాలుక కరుచుకుంది.

అల్లుడు దుప్పటి ఎత్తి పుస్తకాలు చూశాడు. పైనున్న ముళ్ళ వరస చూశాడు. "ఎత్తింది మీరా! తాడు పాడైందని కొట్టువాడితో దెబ్బలాడి వచ్చాను కదండీ!" అంటూ కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకా తిట్టండి అత్తయ్యగారూ. మా అమ్మ పోయాక నన్ను తిట్టే దిక్కు లేదు. మీ అమ్మాయిని తిడతారు, పేపరువాణ్ణి తిడతారు. నాకొక్కడికే మర్యాద, హోటల్లో దిగినవాడిలా."

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో చుట్టంలా మసలింది తానొక్కతే అనుకుంది అత్తగారు. ఇతనూ అలాగే ఉన్నాడన్నమాట.

"ముందు ఆ లైటు దించు" అంది.

అతను తాడు పీకేసి రెండు చివర్లా గొలుసులు కట్టాడు. కొక్కేలు జారకుండా బిగించాడు. తీగ మీద నీళ్ళు పడినా ప్లగ్గులోకి పారకుండా, ప్లగ్గు కన్నా కిందకి వంపు తిప్పి కట్టాడు. ఆకుల మీద ఆవిడ జాన పెట్టి చూపించింది. అక్కడికి దించి, కాసేపు అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. వేడి లేదు.

"నీళ్ళు పోసేముందు స్విచ్చి ఆపాలి. అది మాత్రం నేను తిడతాను" అన్నాడు.

"తిట్టు. మొక్క పెరిగిన కొద్దీ గొలుసు ఒక్కో లంకె ఎత్తాలి, అది నీ పని."

సాగిన మొలకల్ని ఇద్దరూ కూర్చుని లోతు కప్పుల్లో ఆకుల దాకా మట్టిలో పాతారు. అల్లుడు ఆ పూట పనికి ఎగనామం పెట్టాడు. పది రోజులకు పది మొక్కలూ కాడలు లావెక్కి, ముదురాకుపచ్చగా నిటారుగా నిలబడ్డాయి. ఆవిడ రోజుకు నాలుగుసార్లు లెక్కపెట్టుకుంది, పదేనని తెలిసి కూడా.

ఆ మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

"ఏమయ్యా, తడి తువ్వాలు కుర్చీ మీద పడేసి పోతే ఎవరు ఆరేస్తారనుకున్నావు?"

కూతురు దువ్వెన పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! ఆయన్ని పట్టుకుని ఏమిటా మాటలు!"

అల్లుడు తువ్వాలు అందుకుని భుజాన వేసుకున్నాడు.

"నువ్వు మధ్యలో రాకు. నేనూ మా అత్తయ్యా చూసుకుంటాం."