రెండు పాయింటు నలభై ఒకటి

మహర్నవమి నాడు ఊరంతటికీ సెలవే గానీ సర్వర్లకి సెలవుండదు. ఏలూరులో జల హెచ్చరికల కేంద్రం అని ఒక ఆఫీసు ఉంది. కొల్లేరు చుట్టూ పద్నాలుగు చోట్ల స్తంభాలు పాతి, వాటికి పెట్టెలు బిగించి, నీటిమట్టం ఎంతుందో నిమిషనిమిషానికీ తెప్పించుకుని, ప్రమాదమనిపిస్తే నలభైమూడు గ్రామాల ఫోన్లకి మెసేజ్ కొట్టడం దాని పని. ఆ యంత్రాలు మొరాయించకుండా చూసుకునేవాడు ఉమాపతి. పేరుకి సిస్టమ్స్ ఇంజనీరు, జీతానికి కాంట్రాక్టు మనిషి, దసరా వస్తే మాత్రం ఆఫీసు పురోహితుడు. తాడేపల్లిగూడెంలో తండ్రిది పౌరోహిత్యం కదా, కొడుక్కి మంత్రాలు రాకుండా ఎక్కడికి పోతాయి అని అందరి ధీమా. వచ్చినవి నాలుగే. ఆఫీసుకి ఆ నాలుగూ చాలు.

ఆ రోజు తొమ్మిదిన్నరకి అతని కూతురు మనస్వి ఫోన్ చేసింది. తొమ్మిదో తరగతి పిల్ల. అమ్మమ్మ ఆండాళ్ళుగారితో కలిసి కొల్లేటికోట అమ్మవారి గుడికి బయల్దేరింది. పిల్లకి టైఫాయిడ్ తగ్గితే నవమి నాడు చీర పెడతానని ఆవిడ మొక్కుకుంది. మొక్కు ఆవిడది, తగ్గిన జ్వరం పిల్లది, ఇద్దరూ వెళ్ళక తప్పదు.

"నాన్నా, మండవల్లి దాటాం. ఆటో అతను టీ తాగుతున్నాడు, ఇంకో ఇద్దరు ఎక్కితే గానీ కదలడట. అమ్మమ్మ అడుగుతోంది, చప్టా మీద నీళ్ళేమైనా ఉన్నాయా అని."

చప్టా అంటే ఆ దారిలో కాలవకి అడ్డంగా వేసిన పల్లపు సిమెంటు రోడ్డు. నీళ్ళు పెరిగితే మొదట మునిగేది అదే. అందుకే ఒక స్తంభం దాని పక్కనే పాతారు. ఉమాపతి ఎదురుగా ఉన్న తెర మీద చూశాడు. చప్టా దగ్గర రెండు పాయింటు నలభై ఒక్క మీటర్లు. ఆకుపచ్చ.

"ఏమీ లేవని చెప్పు. నేను తెర ముందే కూర్చున్నాను కదమ్మా. నీళ్ళు పెరిగితే అందరికంటే ముందు నీ ఫోనుకే మెసేజ్ వస్తుంది. లిస్టులో మొదటి నంబరు నీదే పెట్టాను."

"నిజంగానా?"

"మెసేజ్ రాలేదంటే భయం లేదన్నమాట. హాయిగా వెళ్ళిరండి."

ఎంత గొప్పగా చెప్పాడో చూశారా! గంటన్నర తిరక్కుండా ఆ మాటే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

ఇక్కడ పోయినేటి సంగతి చెప్పకపోతే ఈ ఏటిది అర్థం కాదు. చప్టా దగ్గరి పెట్టెని కనిపెట్టుకుని ఉండేది కొల్లేటికోట పాపమ్మ, ఇల్లు చప్టాకి మండవల్లి వైపే. పెట్టె మీద పిట్టల రెట్ట తుడవడం, సాలెగూళ్ళు దులపడం ఆమె పని. అందరూ జీపులకీ కుట్టుమిషన్లకీ పూజ చేస్తుంటే తనకి అన్నం పెట్టే పెట్టెకి చెయ్యకుండా ఉండగలదా? పోయిన ఆయుధపూజ నాడు పసుపు రాసి, బొట్టు పెట్టి, మూరెడు పొడవు బంతిపూల దండ వేసింది. ఆ పెట్టె కింద ఉన్న నీటివైపు చూస్తూ అది ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది. మధ్యలో ఏది అడ్డొచ్చినా దాన్నే నీళ్ళనుకుంటుంది. కన్నుకి ఎదురుగా దండ వేలాడేసరికి నీళ్ళు మీటరు పెరిగాయనుకుని గగ్గోలు పెట్టింది. నలభైమూడు ఊళ్ళకి మెసేజ్ వెళ్ళింది. జనం పిల్లల్నీ మేకల్నీ చంకనేసుకుని గట్ల మీదకి పరుగెత్తారు. తీరా చూస్తే ఎండ, బంతిపూలు. డిప్యూటీ డైరెక్టరు భాగ్యలక్ష్మిగారికి పైనుంచి చీవాట్లు, ఆవిడ నుంచి ఉమాపతికి మెమో. ఆ మంటంతా అతను ఫోన్లో పాపమ్మ మీద తీర్చుకున్నాడు.

అయినా వినే రకమా ఆమె? ఈ ఏడూ వేస్తుంది, వేసి తీరుతుంది అని తీర్మానించుకున్నాడు. ఒక్క మాట ఫోన్ చేసి అడిగితే పోయేది. అడగలేదు. తెలివైనవాడు కదా, ప్రోగ్రాములో ఒక నియమం రాశాడు. నవమి నాడు ఒక్కరోజుకి, చప్టా దగ్గర మట్టం ఉన్నట్టుండి పెరిగితే దాన్ని నమ్మొద్దు. అంతకు ముందున్న అంకెనే తెర మీద నిలిపి ఉంచు. నేను వదలమనేదాకా వదలొద్దు. భాగ్యలక్ష్మిగారు విని, "అమ్మయ్య, ఈసారి పరువు దక్కుతుందండీ" అని సంతోషించింది.

పదింటికి పూజ మొదలైంది. సర్వర్ల గదిలో ఐదు ఇనప బీరువాలున్నాయి. ఉమాపతి ఒక్కోదానికీ గంధం, కుంకం పెట్టాడు. పొగ తగిలితే అలారం కూస్తుందని కర్పూరం హారతి మాత్రం అద్దాల తలుపు బయట నుంచే ఇచ్చాడు. ఎవరి కంప్యూటరుకి వాళ్ళు నమస్కారం పెట్టుకున్నారు. జేబులో ఫోన్ గుర్రుమంది. తీసి చూస్తే నియమం పంపిన చిన్న సందేశం. పది పదిహేనుకి చప్టా దగ్గర మట్టం ఎగిరింది, పాత అంకె నిలిపి ఉంచాను.

"పడిందండీ దండ! చెప్పానా, ఆమె వేయకుండా ఉండదని" అని పకపకా నవ్వాడు. అందరూ నవ్వారు. ప్రసాదం చక్కెరపొంగలి. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

పక్క సీటులో శ్రీలేఖ కూర్చుంటుంది. మాటల మనిషి కాదు గానీ కళ్ళు మాత్రం ఊరుకోవు. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా కుర్చీ ఇటు తిప్పింది.

"సార్, చప్టా దగ్గర అంకె కదలడం లేదేంటండీ?"

"నియమం పట్టుకుని ఉంది కదమ్మా. దండ."

"అది సరేనండీ. మిగతా పదమూడూ చూడండి. గంట నుంచి అన్నీ ఎంతో కొంత పెరుగుతున్నాయి. మైలవరం వైపు రాత్రి బాగా వాన పడిందటండీ. బుడమేరు వాగు పొంగి కొల్లేటిలోకి దిగుతుందేమో."

ఉమాపతి తెర వైపు తిరిగాడు. పదమూడు చోట్ల చివరి అంకె చిన్నచిన్నగా కదులుతోంది. పద్నాలుగోది రెండు పాయింటు నలభై ఒకటి. కొల్లేరు అంటే గాలికే కదిలే నీళ్ళు, ఒక్క నిమిషం ఊరుకోవు. అలాంటిది అక్కడ గడ్డకట్టినట్టు నిలబడిపోయాయి. కిటికీలోంచి చూస్తే ఏలూరులో మంచి ఎండ. అదే అతనికి మొదటిసారి బాగోలేదనిపించింది.

నియమాన్ని పక్కకి నెట్టి, పెట్టె పంపిన అసలు అంకెలు తెరిచాడు.

పది పదిహేనుకి 2.63. పది ఇరవైకి 2.70. పదిన్నరకి 2.78. పది నలభైకి 2.91. ఇప్పుడు 3.04.

ఆ వరసని పైనుంచి కిందికి చూశాడు, కిందినుంచి పైకి చూశాడు. దండ వేస్తే అంకె ఒక్కసారి ఎగిరి అక్కడే ఆగుతుంది. పోయినేడు అలాగే ఆగింది. ఇది ఆగడం లేదు, మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతోంది.

దండ పెరగదు.

చేపల చెరువు గట్టు ఏదో తెగి ఉంటుంది, అతనికి వెంటనే తట్టింది అదే. పైనుంచి వరద తోసుకొస్తే ఆ మట్టి గట్లు ఒకదాని తర్వాత ఒకటి జారిపోతాయి, ఆ నీళ్ళన్నీ కాలవలో పడి చప్టా మీదకే వస్తాయి. రెండున్నర దాటితే నీళ్ళు రోడ్డెక్కుతాయి. రెండున్నర దాటి నలభై నిమిషాలైంది. పిల్ల మండవల్లి దాటింది తొమ్మిదిన్నరకి. టీ అయి ఎంతసేపైంది? ఆటో ఇప్పుడెక్కడుంది?

ఫోన్ చేశాడు. మీరు ప్రయత్నిస్తున్న వ్యక్తి అందుబాటులో లేరు. ఆండాళ్ళుగారికి చేశాడు. అదే మాట. పాపమ్మకి చేశాడు. రింగు కూడా లేదు.

నియమాన్ని తీసిపారేశాడు. తెర మీద ఆకుపచ్చ పోయి ఎరుపు వచ్చింది. మెసేజ్ వెళ్ళాలి కదా, వెళ్ళలేదు. పోయినేటి రభస తర్వాత ఎర్ర హెచ్చరికకి అధికారి ఫోనుకి ఓటీపీ వచ్చేలా పెట్టారు. అదీ ఇతను పెట్టిందే. తన తాళానికి తనే బయట నిలబడ్డాడు.

రెండేసి మెట్లు దిగి పోర్టికోలోకి పరుగెత్తాడు. అక్కడ జీపుకి పూజ జరుగుతోంది. డ్రైవరు గుమ్మడికాయ పైకెత్తి ఉన్నాడు. భాగ్యలక్ష్మిగారు పట్టుచీరలో చేతులు జోడించి ఉంది.

"మేడమ్, ఓటీపీ చెప్పండి. చప్టా మునిగింది."

"దండ అన్నారు కదండీ?"

"కాదండీ. నీళ్ళే."

ఆవిడ ముఖం మారింది. ఫోను మీద చెయ్యి వేసింది గానీ తీయలేదు. "ఉమాపతిగారూ, పోయినేడు నేను పడ్డ మాటలు మీకు తెలుసు. పండగపూట మళ్ళీ జనాన్ని పరుగెత్తిస్తే ఈసారి నా ఉద్యోగమేనండీ. ఎవరైనా కళ్ళతో చూసినవాళ్ళు చెప్పారా? పాపమ్మని అడగండి ముందు."

"పాపమ్మ ఫోన్ పలకడం లేదు. దండ పెరగదండీ! గంటలో అరవై సెంటీమీటర్లు దండ పెరుగుతుందా?"

"అరవకండి. ఐదు నిమిషాలు చూద్దాం."

"మా అమ్మాయి ఆ దారిలో ఉందండీ."

అప్పుడు చూసింది ఆవిడ అతని ముఖంలోకి. గుమ్మడికాయ ఎత్తిన డ్రైవరు దాన్ని అలాగే దించేశాడు. ఆవిడ ఫోన్ తీసి ఆరు అంకెలు చదివింది. అతని కూతురు కాకపోతే ఆ ఐదు నిమిషాలూ చూసేవారే. ఉమాపతికి ఆ సంగతి మెట్లెక్కుతుంటే తట్టింది, సిగ్గేసింది. అయినా కాళ్ళు ఆగలేదు.

పదకొండూ ఎనిమిదికి మెసేజ్ వెళ్ళింది. ఎవరికి అందిందో ఎవరికి అందలేదో చూపే పట్టిక తెరిచాడు. నంబర్లు వరసగా "చేరింది", "చేరింది" అని మారుతున్నాయి. అన్నిటికంటే పైన మనస్వి నంబరు. దాని ఎదురుగా "పెండింగ్".

శ్రీలేఖ పోలీసులకీ, తహసీల్దారు ఆఫీసుకీ ఫోన్లు చేస్తోంది. మనిషి గట్టిది. ఉమాపతి మాత్రం ఆ ఒక్క వరస వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా బీరువాలకి పెట్టిన కుంకం బొట్లు. ఇందాక ఎంత ముచ్చటగా కనిపించాయో ఇప్పుడంత అసహ్యంగా ఉన్నాయి. మెసేజ్ రాలేదంటే భయం లేదన్నమాట. తనే అన్నాడు. పిల్ల ఫోన్ చూసుకుంటూ, అమ్మమ్మకి ధైర్యం చెబుతూ, ఆ నీళ్ళలోకి ఆటో పోనిమ్మంటోంది కాబోలు. అమ్మా, తల్లీ, ఎక్కడున్నావే!

పదకొండూ ముప్పైఒకటికి ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"పంతులుగారాండి? నేనండి, పాపమ్మనండి. నా ఫోను తడిసిపోయిందండి, వేరేవాళ్ళది అడిగి చేస్తున్నానండి."

"పాపమ్మా, చప్టా మీద…"

"ఆయ్, మునిగిపోయిందండి. గట్టు తెగిందండి పైన. నడుం దాకా ఉందండి, కొట్టుకుపోతా ఉంది నీరు. మీ అమ్మాయిగారు ఇక్కడే ఉన్నారండి, నా పక్కన. అమ్మమ్మగారు కూడానండి. వాళ్ళ ఫోన్లకి సిగ్నల్ లేదండి, మీ పేరు చెప్పారండి, అందుకే చేశాను."

ఉమాపతి బల్ల మీద తల ఆనించి బావురుమన్నాడు. శ్రీలేఖ ఫోను తీసుకుని స్పీకరులో పెట్టింది.

"దండ వెయ్యలేదండి ఈ ఏడు" అంటోంది పాపమ్మ. "పోయినేడు మీరు కోప్పడ్డారు కదండి. బొట్టు కూడా పెట్టలేదండి, దూరం నుంచే దణ్ణం పెట్టుకున్నాను. కట్టిన దండ ఇంట్లోనే ఉందండి. నీళ్ళు రోడ్డెక్కుతుంటే మెసేజ్ వస్తుందేమోనని ఫోను చూశానండి, రాలేదు. సరే, వచ్చే లోపల ఎవరైనా దిగిపోతారేమోనని పరిగెత్తికెళ్ళి ఆ దండే తెచ్చి, చాలకపోతే తాడు ముడేసి, ఇటు స్తంభానికీ అటు రాయికీ రోడ్డుకడ్డంగా కట్టానండి. పూలదండ కదండీ, ఎవరూ తొక్కరు. ఆటోలన్నీ ఆగిపోయాయండి."

"నాన్నా" అని మనస్వి గొంతు వినిపించింది. "మెసేజ్ ఇప్పుడే వచ్చింది."

పట్టికలో మొదటి వరస "చేరింది" అని మారింది. ఉమాపతి కళ్ళు తుడుచుకున్నాడు. భాగ్యలక్ష్మిగారు ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి అమ్మవారికి దణ్ణం పెట్టింది.

"పాపమ్మా, నీ రుణం తీర్చుకోలేనమ్మా" అన్నాడు ఉమాపతి.

అటునుంచి నీళ్ళ హోరు వినిపిస్తోంది.

"దండ తేవడానికి ఇంటికెళ్ళాను కదండి" అంది పాపమ్మ మెల్లిగా. "ఆ కాసేపట్లో ఒక ఆటో దిగిపోయిందండి. మన బుల్లిరాజుదండి. నలుగురు ఆడవాళ్ళున్నారండి లోపల. నేను వెనక్కొచ్చేసరికి సగంలో ఉన్నాడు. ఆగమని కేకేశానండి. ఫోను పైకెత్తి చూపించాడండి. మెసేజ్ రాలేదుగా పాపమ్మా, ఏం పరవాలేదు అన్నాడండి."

"తర్వాత?"

"తర్వాత కనపడలేదండి."

గదిలో సర్వర్ల ఫ్యాన్ల చప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ఎన్నింటికి పాపమ్మా?"

"పది నలభై అయుంటుందండి."

పది పదిహేను నుంచి పది నలభై దాకా ఇరవైఐదు నిమిషాలు. ఆ ఇరవైఐదు నిమిషాలూ తను పొంగలి తింటున్నాడు. తెర మీద రెండు పాయింటు నలభై ఒకటి.

భాగ్యలక్ష్మిగారు దగ్గరికొచ్చి, శ్రీలేఖకి వినపడకుండా అంది. "ఆ నియమం సంగతి మన ఆఫీసు దాటి ఎవరికీ తెలియదు కదండీ. తీసేశారు కూడా. పెట్టె చెడిందని రాసేస్తే…"

ఉమాపతి ఆవిడ వైపు చూడలేదు. "నియమం రాసింది నేనేనండీ. అలాగే రాస్తాను" అన్నాడు. పాపమ్మని అడిగి బుల్లిరాజు నంబరు కాగితం మీద రాసుకున్నాడు. పట్టికలో ఆ పది అంకెలూ కొట్టాడు. కీబోర్డు మీద కుంకం అంటుకుంది.

వరస తెరుచుకుంది. బుల్లిరాజు, కొల్లేటికోట. హెచ్చరిక పంపిన సమయం పదకొండూ ఎనిమిది. పెండింగ్.

రిఫ్రెష్ నొక్కాడు. పెండింగ్. మళ్ళీ నొక్కాడు.