కళ్లు ఆఖర్న తెరవాలి

నా బిడ్డ నన్ను వదిలి ఒక్కతే వెళ్లిపోతుందేమోనని నా భయం. అంతకు మించిన భయం నాకు లేదు. ఈ పొద్దున భీమక్క ఉయ్యాలలో లేదు. ఇంటి కప్పుకు ఆనుకుని నిద్రపోతోంది.

నిచ్చెన వేసి దించుతాను. కొంగుతో నడుముకు కట్టుకుంటాను. పాలు తాగుతూ తాగుతూ తల పైకి లేచిపోతుంది కాబట్టి ముక్కాలిపీట మీద నిలబడి ఇస్తాను.

ఎట్లా జరిగిందో మాకు తెలుసు. పురిటికి వచ్చి మా అయ్య దగ్గరే ఉన్నాను. అయ్య జాతరకు పొనికి కర్రతో దేవర మొగాలు చెక్కుతాడు. వాళ్ల నాయన నేర్పిన పని. చెక్కను పాదాల మధ్య బిగిస్తాడు. కళ్లు మాత్రం ఆఖర్న తెరుస్తాడు, అదీ మొగాన్ని అడవి వైపు తిప్పి. తెరిచిన కళ్లు మొదట దేన్ని చూస్తే దాని బరువు తీసుకుంటాయి. అడవికి బరువు కొదవా? మొన్న ఆఖరి ఉలిదెబ్బకు భీమక్క నవ్వింది. అయ్య చేతిలోని మొగంతో సహా బిడ్డ వైపు తిరిగాడు.

ఇప్పుడా మొగాన్ని ఇద్దరం కలిసినా కదపలేం.

అంగన్‌వాడీ టీచరమ్మ బిడ్డను తూస్తే ముల్లు సున్నా దాటి వెనక్కి పోతుంది. సున్నా కింద ఏముంటుందో చెప్పే తరగతికి రాకముందే నా బడి ఆగింది. ఆమె మాత్రం నన్ను రోజూ గుడ్డు తినమంటుంది.

"బరువు యాడికి పోయిందే అయ్యా?"

"యాడికి పోతది బిడ్డా. ఇంట్లనే ఉన్నది గద."

తిరిగి తీసుకోవచ్చా అంటే, తెరిచిన కళ్లు మూయడం వాళ్ల నాయన నేర్పలేదంటాడు.

మధ్యాహ్నానికి కొంగుముడి జారుతోంది. నేను ఉలి అందుకుంటాను.

"ఎవ్వల మొగం?"

"నాదే."

అయ్య దాచుకున్న మంచి చెక్క తెచ్చిస్తాడు. "ముక్కు జర పెద్దగనే తియ్యి. మీ అమ్మ ముక్కు అది."

చెక్కను పాదాల మధ్య బిగిస్తాను. చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే. కళ్ల దగ్గరికి వచ్చేసరికి మొగాన్ని నా వైపు తిప్పుకుంటాను. అయ్య వద్దనడు. నులక తాడు తెచ్చి నా నడుముకు కడతాడు. రెండో కన్ను తెరవగానే నా పాదాలు నేలను వదులుతాయి.

ఇప్పుడు మేమిద్దరం ఇప్పచెట్ల పైన ఉన్నాం. భీమక్క గాలిలో బోర్లా పడడం నేర్చుకుంటోంది. కింద వాకిట్లో రెండు మొగాలకూ ఒళ్లు మొలిచింది. పెద్దది చిన్నదానికి పాలిస్తూ, తిన్నవా అయ్యా అని నా గొంతుతో అడుగుతోంది. అయ్య వినడం లేదు. తాడు కొసను కాలి బొటనవేలికి కట్టుకున్నాడు, చేతులు పనికి కావాలి గదా. పాదాల మధ్య మూడో చెక్క ఉంది. పోలికలు చూస్తే ఆయనవే.

మీరు అటు వెళ్తే మా అయ్యను ఒకసారి చూడండి. ముందు అన్నం పెట్టండి. కళ్ల దాకా వచ్చి ఉంటే, ఆ మొగాన్ని అడవి వైపు తిప్పించండి.